కార్పొరేషన్ గెలిస్తే రాష్ట్రం గెలిచినట్టేనా? విజయవాడ, గుంటూరు స్థానిక ఎన్నికలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఒక పొడవాటి పద్దు పుస్తకం ఉంది. కిరాణా కొట్టులో అరువు రాసుకునే రకం. అందులో నేను రాసుకునేది అప్పులు కాదు, డివిజన్ల వారీగా పడిన ఓట్లు. విజయవాడ సత్యనారాయణపురంలో కాపురం, గుంటూరు బ్రాడీపేటలో చుట్టాలు. రెండు ఊళ్ల రాజకీయమూ ఏదో ఒక ఇంట్లో కాఫీతోపాటు వడ్డిస్తూనే ఉంటారు. పుస్తకం సంగతి తెలిసినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలను, నాకు తోచిన జవాబులతో ఇక్కడ పెడుతున్నాను. నేను ఏ పార్టీ మనిషినో కనిపెట్టాలని చూసేవారికి నిరాశ తప్పదు.

నగరపాలక సంస్థ గెలిచిన పార్టీయే తర్వాత రాష్ట్రం కూడా గెలుస్తుందా?

2014 చూసి చెప్పమంటే అవును. 2021 చూసి చెప్పమంటే కాదు.

2014లో విజయవాడలో 59 డివిజన్లు ఉండేవి. తెలుగుదేశం 38 గెలిచింది, వైసీపీ 19. అసెంబ్లీ ఫలితాలు వచ్చేసరికి నగరంలోని మూడు స్థానాల్లో రెండు తెలుగుదేశానికి, ఒకటి వైసీపీకి. కార్పొరేషన్‌లో ఎంత వాటానో అసెంబ్లీలోనూ దాదాపు అంతే వాటా. రాష్ట్రంలోనూ 175కు 102 స్థానాలతో తెలుగుదేశమే వచ్చింది.

2021కి విజయవాడ డివిజన్లు 64 అయ్యాయి. వైసీపీకి 49, తెలుగుదేశానికి 14, సీపీఎంకు ఒకటి. గుంటూరులో 57 డివిజన్లకు వైసీపీ 44, తెలుగుదేశం 9, జనసేన 2, స్వతంత్రులు 2. ఆ రాత్రి రెండు ఊళ్లలో పేల్చిన టపాసులు విన్నవారెవరూ మూడేళ్లలో వైసీపీ 11 అసెంబ్లీ స్థానాలకు పడిపోతుందని పందెం కాసి ఉండరు. 2024లో విజయవాడలోని మూడు స్థానాలూ, గుంటూరులోని రెండూ తెలుగుదేశం, జనసేన, బీజేపీల కూటమికే వెళ్లాయి.

అదే ఊరు, అదే ఓటర్లు. ఒకసారి సరిపోయి మరోసారి ఎందుకు తప్పింది?

అందరూ ముందుగా చెప్పే కారణం వ్యవధి. 2014 మార్చి 30న మున్సిపల్ పోలింగ్, ఏప్రిల్ 6, 11 తేదీల్లో పరిషత్ పోలింగ్, మే 7న అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ జరిగాయి. ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడకుండా స్థానిక ఫలితాలను కోర్టు ఆదేశాలతో ఆపి ఉంచారు. మున్సిపల్ లెక్కింపు మే 12న, పరిషత్‌లది 13న, అసెంబ్లీది 16న. పేరుకు మూడు ఎన్నికలు. నిజానికి నలభై రోజుల్లో ఒకే మనసుతో వేసిన ఒకే ఓటు. ఆ ఏడాది జడ్పీటీసీల్లో, అంటే జిల్లా పరిషత్ స్థానాల్లో, తెలుగుదేశం 373, వైసీపీ 275 గెలిచాయి. ఆ నిష్పత్తిని అసెంబ్లీ ఫలితం పక్కన పెట్టి చూడండి, పెద్దగా తేడా ఉండదు.

రెండో కారణాన్ని చాలామంది మరిచిపోతారు, నా దృష్టిలో అసలు కారణం అదే. 2014 మార్చిలో రాష్ట్రంలో అధికార పార్టీ అనేదే లేదు. ముఖ్యమంత్రి రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన నడుస్తోంది. అంతవరకు ఏలిన కాంగ్రెస్‌ను విభజన కోపం ఊడ్చిపెట్టింది. పోలీసుస్టేషన్‌కు ఫోన్ చేయించగల ఎమ్మెల్యే ఎవరో ఎవరికీ తెలియని స్థితి. ఏ బిల్లు ఎవరు ఆపుతారోనన్న బెంగ కాంట్రాక్టరుకు లేదు. అలాంటి వేళ పడిన ఓటు ఓటరు మనసును ఉన్నదున్నట్టు చూపించింది.

2021లో ఆ వాతావరణం లేదు. అధికారంలోకి వచ్చి రెండేళ్లు కూడా నిండని ప్రభుత్వం, 151 మంది ఎమ్మెల్యేల బలం, ఇంకా మూడేళ్ల పాలన మిగిలి ఉంది. ఓటరుకు ఆ లెక్క తెలుసు.

అంటే స్థానిక ఎన్నికల్లో అధికార పార్టీ గెలవడం మామూలేనా? అందులో మోసం ఉన్నట్టేనా?

మామూలే. మోసం ఉండవచ్చు, లేకపోనూవచ్చు. అది లేకపోయినా అధికార పార్టీ గెలవడానికి కారణాలు చాలా ఉన్నాయి.

కార్పొరేటర్ చేతిలో స్వతంత్రంగా ఉండే డబ్బు చాలా తక్కువ. సిమెంటు రోడ్డు కావాలన్నా, వీధి దీపం మార్చాలన్నా ఫైలు కదలాలి. దాన్ని కదిలించేది ఎమ్మెల్యే మాట. ఎదుటి పార్టీ మనిషిని ఎన్నుకుంటే వీధిలో పనులు ఐదేళ్లు ఆగిపోతాయని ఓటరు అనుకుంటే అందులో అమాయకత్వం ఏమీ లేదు, అనుభవం ఉంది. పైగా 2019 తర్వాత యాభై ఇళ్లకొక వాలంటీర్ వ్యవస్థ వచ్చింది. పింఛను ఇంటికి తెచ్చిచ్చే మనిషికి ఇంట్లో ఎవరెవరు ఎటు మొగ్గుతారో తెలియకుండా ఉంటుందా?

ఇక అభ్యర్థుల సంగతి. 2020 మార్చిలో నామినేషన్లు వేశాక కరోనా కారణంగా ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఆ తర్వాత ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్స్‌తో కుదించడం, ఆయనను తప్పించడం, హైకోర్టు దాన్ని కొట్టివేయడం, ఆయన తిరిగి రావడం... ఆ ఏడాదంతా అదో పెద్ద భారతం. చివరికి 2021 మార్చి 10న పోలింగ్ జరిగినప్పుడు చాలాచోట్ల ఏడాది కిందటి నామినేషన్లతోనే ముందుకు వెళ్లారు. ఏడాదిపాటు నిలబడి ఖర్చు పెట్టగలిగిన ప్రతిపక్ష అభ్యర్థులు ఎందరుంటారు? కొందరు పార్టీ మారారు, కొందరు ఊరుకున్నారు.

2021లో విజయవాడ, గుంటూరు తీర్పు మూడు రాజధానులకు ఆమోదమని అప్పట్లో చెప్పారు. నిజమేనా?

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. అమరావతికి ఈ రెండు ఊళ్లూ చెరోవైపు ఉంటాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినిపించినప్పటి నుంచి ఇక్కడి భూముల ధరలు, కట్టడాలు, హోటళ్ల బేరాలు ఎలా చల్లబడ్డాయో కళ్లారా చూశాం. అలాంటి చోట కోపం కట్టలు తెంచుకోవాలి కదా. 49-14 వచ్చేసరికి గెలిచినవారు దాన్ని రాజధాని తీర్పుగానే చూపించారు. ఆ మాట నమ్మినవారిలో కొన్నాళ్లు నేనూ ఉన్నాను.

ఆ తర్వాత పుస్తకం తిరగేస్తే వేరే సంగతులు కనిపించాయి. 2019లో రాష్ట్రమంతా వైసీపీ గాలి వీచినప్పుడు కూడా విజయవాడ, గుంటూరు లోక్‌సభ స్థానాలు తెలుగుదేశానివే. విజయవాడ సెంట్రల్‌లో వైసీపీ గెలిచింది కేవలం 25 ఓట్లతో. అంటే ఇది ఆ పార్టీకి కంచుకోట కాదు. 2021 మార్చిలో పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు విజయవాడ తెలుగుదేశం నాయకులు మేయర్ అభ్యర్థి విషయంలో తమ ఎంపీ మీదే విలేకరుల సమావేశం పెట్టారు. ఎదుటివారిని కాకుండా ఇంట్లోవారినే తిట్టుకుంటున్న పార్టీకి డివిజన్‌లో ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త ఎక్కడి నుంచి వస్తాడు?

అదే సెంట్రల్‌లో 2024లో తెలుగుదేశం 68 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచింది. ఇరవై అయిదు ఎక్కడ, అరవై ఎనిమిది వేలు ఎక్కడ! నడుమ జరిగిన కార్పొరేషన్ ఎన్నికలో ఈ దారికి ఒక్క గుర్తు కూడా లేదు. కార్పొరేషన్ ఓటులో రాజధాని గురించి ఓటరు తీర్పు ఇవ్వలేదన్నదే ఇప్పుడు నా అభిప్రాయం. ఆ ప్రశ్నను 2024 దాకా దాచుకున్నాడు.

జనం నిజంగా కాలువలు, కుళాయిలు చూసే ఓటేస్తారా?

కొందరు అవును. మా పక్కింటాయన 2021లో డివిజన్‌కు ఒక పార్టీకి, 2024లో అసెంబ్లీకి మరో పార్టీకి వేశారు. మనసు ఎప్పుడు మారింది అని అడిగితే ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "మారడమేమిటండీ? మా గుమ్మం ముందు మురుగు కాలువ మీద రాతి పలక వేయించాడు, వాడికి వేశాను. ఇది ముఖ్యమంత్రి ఎన్నిక, అది వేరే సంగతి" అన్నారు. ఆయన గుమ్మం ముందు ఆ పలక ఇప్పటికీ ఉంది. ఒక మూల విరిగింది, స్కూటర్ ఎక్కించినప్పుడల్లా టకటకమంటుంది.

ఒక్కోసారి స్థానిక విషయం ఎన్నిక అయిపోయాక పుడుతుంది. చెత్తకు నెలనెలా రుసుము వసూలు చేయడం 2021 మార్చి పోలింగ్ తర్వాత మొదలైంది. దాని మీద గృహిణుల కోపం ఆ ఫలితంలో ఎలా కనిపిస్తుంది? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు కూడా కార్పొరేషన్‌లో ఉన్నది 2021లో ఎన్నికైన పాలకవర్గమే, రాష్ట్రంలో మాత్రం కొత్త ప్రభుత్వం. జనం ఎవరిని తిట్టాలో తేల్చుకోలేక ఇద్దరినీ తిట్టారు.

కుప్పంలో చంద్రబాబు ఓడిపోయారు, పులివెందులలో జగన్ ఓడిపోయారు అంటారు. ఇలాంటి ఫలితాలకు ఎంత విలువ ఇవ్వాలి?

టీవీ చర్చకు ఇచ్చేంత. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 వైసీపీ గెలిచింది. ఇక చంద్రబాబు కుప్పం వదలాల్సిందేనన్నారు. 2024లో ఆయన అక్కడ దాదాపు 48 వేల ఓట్ల తేడాతో గెలిచారు. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నికలో తెలుగుదేశం గెలిచింది, వైసీపీకి డిపాజిట్ కూడా దక్కలేదు. పోలింగ్ సజావుగా సాగలేదని ఓడినవారు ఆరోపించారు. కుప్పంలో ఓడినవారు 2021లో చేసిన ఆరోపణ కూడా అదే.

రెండు ఫలితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పార్టీల పేర్లు మారాయి, అధికారం ఎవరిదో వారిదే గెలుపు. నాయకుడి సొంత ఊళ్లో స్థానిక ఎన్నిక గెలవడం అధికార పార్టీకి పంతం. పంతం మీద ఖర్చయ్యే బలగం మామూలు వార్డులో ఖర్చు కాదు. అందుకే వీటిని రాష్ట్రానికి కొలతగా వాడితే మోసపోతాం.

ఏకగ్రీవాలను ఎలా చూడాలి?

అనుమానంతో చూడాలి. చిన్న పల్లెలో పెద్దలు కూర్చుని ఒక మంచి మనిషిని సర్పంచ్‌గా నిలబెట్టుకోవడం వేరు. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వం నజరానా ఇవ్వడమూ పాత పద్ధతే. కానీ పార్టీ గుర్తుల మీద జరిగే పరిషత్ ఎన్నికల్లో గుంపులు గుంపులుగా ఏకగ్రీవాలు వస్తే అక్కడ ప్రజాభిప్రాయం నమోదు కాలేదని అర్థం. 2021 పరిషత్ ఎన్నికల్లో 660 జడ్పీటీసీలకు 126 ఏకగ్రీవమయ్యాయి. మిగిలినచోట్ల తెలుగుదేశం బహిష్కరణ ప్రకటించింది. ఏప్రిల్ 8న వేసిన ఓట్లను కోర్టు వివాదాలు దాటుకుని సెప్టెంబరు 19న లెక్కించారు. పదమూడు జిల్లా పరిషత్‌లూ వైసీపీకే దక్కాయి. ఇందులో నుంచి 2024 గురించి ఏమి తెలుసుకోగలం?

బెంగాల్‌ను చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ 2018 పంచాయతీ ఎన్నికల్లో మూడింట ఒక వంతు స్థానాలకు పైగా పోటీయే లేకుండా తృణమూల్ ఖాతాలో పడ్డాయి. ఏడాది తిరిగేసరికి లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీ అక్కడ 42కు 18 స్థానాలు గెలిచింది. ఓటు వేయనివ్వకపోతే ఓటు మాయమైపోదు, ఇంకో పెట్టెలో పడుతుంది.

పంచాయతీ ఎన్నికల తర్వాత రెండు పార్టీలూ తామే ఎక్కువ గెలిచామంటాయి. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరిదీ నమ్మనక్కర్లేదు. సర్పంచ్ ఎన్నిక పార్టీరహితం. గుర్తులు ఎన్నికల సంఘం ఇచ్చేవి. ఎవరు ఏ పార్టీ మద్దతుదారో అధికారికంగా రాసిపెట్టేవారు లేరు. గెలిచిన సర్పంచ్ ఉదయం ఒక కండువాతో, సాయంత్రం మరో కండువాతో ఫొటో దిగితే ఇద్దరి లెక్కలోనూ ఉంటాడు.

సీట్లు చూడాలా, ఓట్ల శాతం చూడాలా?

ఓట్ల శాతమే. సీట్లు చూస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి.

2021 మున్సిపల్ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద వైసీపీకి 52 శాతానికి పైగా, తెలుగుదేశానికి 30 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 2019 అసెంబ్లీలో ఆ పార్టీలకు వచ్చినవి దాదాపు 50, 39. పట్టణాల ఓటును రాష్ట్రమంతటి ఓటుతో పోల్చడం పూర్తిగా సరికాదు, అయినా ఒక విషయం కనిపిస్తుంది. గెలిచినవారి ఓటు రెండు మూడు శాతమే పెరిగింది. ఓడినవారిది ఎనిమిది తొమ్మిది శాతం తగ్గింది. పోయిన ఓటంతా గెలిచినవారి దగ్గరికి చేరలేదు. మరి ఎక్కడికి పోయింది? కొంత స్వతంత్రులకు, చిన్న పార్టీలకు. పోలింగ్ శాతం కూడా గమనించండి. 2019లో రాష్ట్రంలో దాదాపు 80 శాతం పోలైతే, 2021 మున్సిపల్ పోలింగ్ 62 శాతం దగ్గర ఆగింది. ఇంట్లో కూర్చున్న ఓటరు పార్టీ మారినవాడు కాదు. రేపు లేచి రాగలడు.

సీట్ల మాయకు ఇంకో ఉదాహరణ మన అసెంబ్లీయే. 2019లో 39 శాతం ఓట్లకు తెలుగుదేశానికి 23 సీట్లు. 2024లో దాదాపు అంతే శాతానికి వైసీపీకి 11. అప్పుడు తెలుగుదేశం అంతరించిందన్నారు, ఇప్పుడు వైసీపీ అంతరించిందంటున్నారు. పదిమందిలో నలుగురు ఓటేసే పార్టీ అంతరించదు.

కొండపల్లిలో జరిగింది ఏమిటి? అందరూ ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటారు?

బొమ్మలకు పేరుపడ్డ ఊరు కొత్తగా మున్సిపాలిటీ అయింది. 2021 నవంబరులో 29 వార్డులకు ఎన్నిక. తెలుగుదేశానికి 14, వైసీపీకి 14, ఒకరు స్వతంత్రురాలు. ఆమె తెలుగుదేశం వైపు వచ్చారు, 15 అయ్యాయి. అప్పుడు చైర్మన్ ఎన్నికకు ఎక్స్ అఫిషియో ఓట్ల లెక్క, అంటే పదవి రీత్యా ఎమ్మెల్యేకు, ఎంపీకి దక్కే ఓట్ల లెక్క, మొదలైంది. వైసీపీకి మైలవరం ఎమ్మెల్యే వసంత కృష్ణప్రసాద్ ఓటు ఉంది. తెలుగుదేశం తరఫున విజయవాడ ఎంపీ కేశినేని నాని ఓటు వేస్తానన్నారు. ఆ ఓటు చెల్లుతుందా లేదా అని గొడవ. విషయం హైకోర్టుకు వెళ్లింది. చేతులెత్తే ఎన్నిక జరిగాక కూడా ఫలితాన్ని వెంటనే ప్రకటించలేదు.

ఇంతవరకు మామూలు కథే. ఇప్పుడు 2024కు రండి. అక్కడ తెలుగుదేశం పరువు నిలబెట్టిన ఓటు వేసిన కేశినేని నాని వైసీపీ అభ్యర్థిగా లోక్‌సభకు పోటీ చేశారు, తెలుగుదేశం తరఫున నిలబడిన తమ్ముడి చేతిలో ఓడిపోయారు. ఎదురు ఓటు వేసిన వసంత కృష్ణప్రసాద్ తెలుగుదేశంలో చేరి మైలవరం గెలిచారు. కౌన్సిలర్లు చేతులెత్తిన రోజు ఎవరు ఏ పక్షమో నా పుస్తకంలో రాసుకున్న పేజీ ఉంది. బాణం గుర్తులు వేసి దిద్దాల్సి వచ్చింది.

అయినా కొండపల్లి ఫలితంలో విలువైన సూచన ఉందని నా నమ్మకం. అధికార పార్టీకి అన్నీ కలిసివస్తున్న ఏడాదిలో, విజయవాడ గుమ్మంలో, ప్రతిపక్షం దాదాపు సగం వార్డులు గెలిచింది. ఎక్కడ గెలిచారన్నది అందరూ చూస్తారు. గెలవకూడని పరిస్థితిలో ఎక్కడ నిలిచారో చూడాలి. 2021 మార్చిలో రాష్ట్రం మొత్తం మీద తెలుగుదేశానికి మిగిలిన ఒకే మున్సిపాలిటీ తాడిపత్రి కూడా ఇలాంటిదే.

మధ్యలో మేయర్ పార్టీ మారితే ప్రజాభిప్రాయం మారినట్టా?

కాదు. 2024 తర్వాత గుంటూరులో అదే జరిగింది. 44 మందితో వైసీపీ పట్టు సాధించిన చోట మేయర్ 2025 మార్చిలో రాజీనామా చేశారు, తర్వాతి నెలలో తెలుగుదేశం నుంచి కొత్త మేయర్ ఎన్నికయ్యారు. మధ్యలో ఒక్క ఓటరు కూడా పోలింగ్ కేంద్రానికి వెళ్లలేదు. మారింది కార్పొరేటర్లు కూర్చునే వైపు. 2021 ఫలితం ఎంతవరకు పార్టీ బలమో, ఎంతవరకు అధికారం బలమో తెలుసుకోవాలంటే మాత్రం ఈ వలసలు మంచి పరీక్ష. అధికారం పోయాక ఎంతమంది మిగిలారో లెక్కపెడితే చాలు.

గుంటూరు 2014 ఫలితం మీ లెక్కల్లో ఎందుకు లేదు?

ఎన్నిక జరగలేదు కనుక. 2010లో పాలకవర్గం గడువు తీరాక 2021 దాకా గుంటూరు ప్రత్యేకాధికారుల పాలనలోనే ఉంది. శివారు గ్రామాల విలీనం, దాని చుట్టూ తగవులు. పదేళ్లకు పైగా ఓటు లేని ఊళ్లో ఒక తరం కార్పొరేటర్లే తయారు కాలేదు. పాత ఫలితంతో పోల్చేందుకు వీలు లేకపోవడం కంటే అదే పెద్ద నష్టం.

మరి 2024 మార్పును ముందుగా చెప్పిన ఎన్నిక ఏదీ లేదా?

ఉంది. 2023 మార్చి పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు. ఉత్తరాంధ్ర, తూర్పు రాయలసీమ, పశ్చిమ రాయలసీమ మూడూ తెలుగుదేశం గెలిచింది. వాటి పరిధిలో వందకు పైగా అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. అదే నెలలో స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీలు వైసీపీకే వచ్చాయి. ఎందుకంటే అక్కడ ఓటర్లు 2021లో గెలిచిన కౌన్సిలర్లు, జడ్పీటీసీలు, ఎంపీటీసీలు. అంటే ఒకే నెలలో, ఒకే రాష్ట్రంలో, గతాన్ని చూపించే ఎన్నిక ఒకటి, రాబోయేదాన్ని చూపించే ఎన్నిక ఒకటి జరిగాయి. మనం రెండింటినీ పక్కపక్కనే చదివి, చాలామందిమి గతాన్ని చూపించినదాన్నే నమ్మాం.

అదే నెలలో ఎమ్మెల్యేల కోటాలో విజయవాడ మాజీ మేయర్ పంచుమర్తి అనూరాధ గెలవడం ఇంకో సూచన. తెలుగుదేశంతో నిలబడిన ఎమ్మెల్యేలు ఇరవై మంది కూడా లేనప్పుడు ఆమెకు 23 ఓట్లు పడ్డాయి. గోడలు బీటలు వారుతున్న చప్పుడు లోపలి నుంచే వచ్చింది.

పట్టభద్రుల ఓటులో లోపాలున్నాయి. పేరు నమోదు చేయించుకున్నవారికే ఓటు, కూలి పనివారికి చోటు లేదు. కానీ ఆ ఓటరును వీధి దీపంతో బెదిరించలేరు. ఉద్యోగాలు లేవన్న కోపం ముందుగా అక్కడే పేరుకుంటుంది.

చిన్న పార్టీల భవిష్యత్తు స్థానిక ఫలితాల్లో కనిపిస్తుందా?

వామపక్షాల క్షీణత కనిపించింది, జనసేన ఎదుగుదల కనిపించలేదు. 1981లో విజయవాడ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు మొదటి మేయర్ సీపీఐకి చెందిన టి. వెంకటేశ్వరరావు. ఆ ఊళ్లోనే 2021లో ఎర్రజెండాకు మిగిలింది ఒక్క డివిజన్. నలభై ఏళ్లలో మెల్లగా అరిగిన రాయి అది, ప్రతి ఎన్నికలోనూ కాస్త కాస్త తెలుస్తూనే వచ్చింది. జనసేన సంగతి వేరు. 2021లో గుంటూరులో రెండు డివిజన్లు గెలిచిన పార్టీ, 2024లో కూటమిలో పోటీ చేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచింది. వార్డు లెక్కలు పొత్తును ముందుగా చెప్పలేవు.

హైదరాబాద్ లెక్క మనకు వర్తిస్తుందా?

హెచ్చరికగా వర్తిస్తుంది. 2020 డిసెంబరులో గ్రేటర్ ఎన్నికల్లో బీజేపీ 48 డివిజన్లు గెలిస్తే తర్వాతి ప్రభుత్వం వారిదేనన్నారు. కాంగ్రెస్‌కు 150లో వచ్చినవి రెండు. 2023లో కాంగ్రెస్ 64 స్థానాలతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది, బీజేపీ 8 దగ్గర ఆగింది. అయితే అదే ఎన్నికలో హైదరాబాద్ నగరం కాంగ్రెస్‌కు మొహం చాటేసింది. కాబట్టి గ్రేటర్ ఫలితం నగరం గురించి అబద్ధం చెప్పలేదు. నగరాన్ని రాష్ట్రం అనుకున్నది మనమే. విజయవాడవాళ్లం కూడా బెంజి సర్కిల్‌లో వినిపించిందే రాష్ట్రమంతా వినిపిస్తోందనుకుంటాం.

కేరళలో స్థానిక ఫలితాలను బట్టి అసెంబ్లీ ఫలితం చెప్పేస్తారట. అక్కడ ఎలా కుదురుతుంది?

అక్కడ స్థానిక ఎన్నికలు అయిదేళ్లకొకసారి దాదాపు వేళకు జరుగుతాయి, ఆ తర్వాత ఆరు నెలలు అటూ ఇటూగా అసెంబ్లీ ఎన్నికలు వస్తాయి. 2015లో స్థానిక ఎన్నికల్లో వామపక్ష కూటమి ముందుంది, 2016లో ప్రభుత్వం వారిదే. 2020, 2021లోనూ అంతే. వ్యవధి తక్కువ, పెద్ద వాయిదాలు లేవు. మన దగ్గర 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్లకొకసారి జరపాలని రాజ్యాంగంలోనే రాసుకున్నా, ఏ ప్రభుత్వమూ తనకు గాలి అనుకూలంగా లేనప్పుడు తొందరపడలేదు.

రాబోయే కార్పొరేషన్ ఫలితాల రోజున మీరేమి చూస్తారు?

2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026 మార్చి దాకా. ఆ తర్వాత ఎప్పుడు లెక్కింపు జరిగినా నేను ముందుగా చూసేది ఎన్ని డివిజన్లలో నిజమైన పోటీ జరిగిందన్నది. ఆ తర్వాత ఓడిన పార్టీ ఓట్లు. అధికారం పోయినా తన 39 శాతంలో ఎంత నిలుపుకుంది? కూటమిలోని పార్టీల ఓటు ఒకదానికొకటి బదిలీ అవుతోందా, జనసేనకు ఇచ్చిన డివిజన్‌లో తెలుగుదేశం తిరుగుబాటు అభ్యర్థికి ఎన్ని పడ్డాయి? ఈ చివరి అంకె మీద నాకు మిగతావాటికంటే ఆసక్తి. పొత్తు ఎన్నాళ్లుంటుందో అమరావతిలో నాయకులు చెప్పేదానికంటే కృష్ణలంకలో ఒక తిరుగుబాటు అభ్యర్థికి పడిన ఓట్లు బాగా చెబుతాయి. మేయర్ ఎవరన్నది మాత్రం చివర్లో చూస్తాను.

పాత, కొత్త ఫలితాలను డివిజన్ల వారీగా పోల్చుకోవచ్చా?

జాగ్రత్తగా. విజయవాడలో 59 డివిజన్లు 64 అయినప్పుడు నంబర్లు, హద్దులు రెండూ మారాయి. 2021 పోలింగ్ రోజున మా వీధిలోనే సగంమంది పాత పోలింగ్ కేంద్రానికి వెళ్లి, చీటీ చూపించి, వెనక్కి తిరిగివచ్చారు. అందుకని నంబరును నమ్ముకోకుండా వీధుల పేర్లతో రాసుకోండి. నేను మొదట నంబర్లతోనే రాశాను. ఇప్పుడు ఆ పేజీల్లో సగం కొట్టివేతలే.